కండక్టర్ రైట్ అంటేనే

మా బాబాయి తన నొప్పిని నొప్పి అనడు, కండక్టర్ అంటాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి కనుక, ఆ కండక్టర్ రైట్ అననిదే మంచం మీంచి అంగుళం కదలడు. నడుములో నరం నొక్కుకుపోయి సయాటికా పట్టుకుంది. "వీడు పిర్ర దగ్గర ఎక్కుతాడు, తొడ మీదుగా వచ్చి మడమ దగ్గర దిగుతాడు. టికెట్ మాత్రం నాకే కొడతాడు," అంటాడు బాబాయి.

మంచం నుంచి బాత్రూం దాకా ఒక ట్రిప్పు. వాకర్ పట్టుకుని బయల్దేరితే బీరువా దగ్గర తప్పనిసరి హాల్టు. ఇక కుర్చీలో కూర్చోవడం ఆయన వల్ల కాదు. బతుకంతా సీట్లోనే గడిపిన మనిషి, ఇప్పుడు కుర్చీ కనిపిస్తే మొహం తిప్పుకుంటాడు.

"అన్నం చల్లారిపోతోంది, లేవండి," అనేది పిన్ని.

"కండక్టర్ ఇంకా రైట్ అనలేదు."

"వాడు మీ మాట వినడా?"

"డ్యూటీలో ఉన్నవాడితో వాదించకూడదు."

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, కాలు మెల్లగా పైకెత్తి, "నొప్పి ఎక్కడి దాకా వస్తోందండీ?" అని అడిగితే, "చివరి స్టాపు దాకా," అన్నాడు.

ఇంతలో పిన్ని వాళ్లక్కకి కంటి ఆపరేషన్ అయింది. వెళ్లి చూడాలని పిన్నికి ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ బాబాయి మంచం పట్టినప్పటి నుంచీ ఆవిడ వీధి గుమ్మం దాటలేదు. నేను సెలవు పెట్టి వచ్చి, దగ్గరుండి చూసుకుంటానన్నా ససేమిరా అంది.

అంతే, కండక్టర్‌కి పిన్ని పొడ గిట్టకుండా పోయింది. దిండు సర్దితే, "నీ చెయ్యి తగిలితే రెచ్చిపోతున్నాడు." వేడినీళ్ల సంచి పెడితే, "కాల్చేస్తోందంటున్నాడు." ఆఖరికి గాజుల చప్పుడు కూడా పడటం లేదన్నాడు. పిన్నికి ఒళ్లు మండిపోయింది.

"నేను మా అక్క దగ్గరికి పోతాను. మీరూ మీ కండక్టరూ ఊరేగండి," అని బట్టలు సర్దుకుని వెళ్లిపోయింది.

నాకూ చిర్రెత్తుకొచ్చింది. ఆ మధ్యాహ్నం బాత్రూంకి తీసుకెళ్తుంటే, బీరువా దగ్గర బరువంతా నా భుజం మీద వేసి ఆగిపోయాడు.

"ఇంత అవస్థలో పిన్నిని ఎందుకు తరిమేశావు బాబాయ్?"

"బతిమాలితే వెళ్లే మనిషా మీ పిన్ని? కోపమొస్తే గానీ కదలదు. పడుకున్నది నేనైతే, తనకీ ఈ మంచమే లోకమైపోయిందిరా."

నేను వాకర్‌ని మెల్లగా ముందుకు జరిపాను.

సాయంత్రం పిన్ని ఫోను చేస్తే స్పీకర్‌లో పెట్టాను. కోపం ఎటు పోయిందో, అక్క కబుర్లన్నీ పొంగిపోతూ చెబుతోంది. బాబాయి ఒత్తిగిలి పడుకుని, పళ్ల బిగువున ఊఁ కొడుతూ, మోకాళ్ల మధ్య దిండు సర్దమని నాకు సైగ చేశాడు.

"మీకెలా ఉంది?" అని అడిగింది చివర్లో.

"నువ్వు లేకపోతేనే హాయిగా ఉంది. ఇంకో నాలుగు రోజులుండి రా."

"ఉంటాను, నాకేం తొందర," అని పిన్ని పకపకా నవ్వింది.

ఫోను పెట్టేశాక బాబాయి నా వంక చూశాడు. నుదుటి నిండా చెమట. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నవ్వింది, విన్నావుగా," అన్నాడు.