అతుక్కి ఇవతల

తీగల కంపెనీ పరిశోధనశాలలో, తీగని మంచుకన్నా చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ పోసే పని ఆయనది. అందుకే అందరూ చలి బాబాయ్ అంటారు. భార్య పోయి ఐదేళ్లయింది. ఇంట్లో పలకరించే దిక్కు లేదు గనక ఆదివారం కూడా పనికి వచ్చేవాడు. జీతం ఇవ్వకపోయినా వచ్చే రకం.

నష్టం లేకుండా కరెంటు మోసే తీగ తయారు చేస్తామంటే ప్రభుత్వం ఆ కంపెనీకి మూడేళ్లు సాయం చేసింది. ఇంకో మూడేళ్లు చెయ్యాలంటే ఒకటే షరతు. రెండు ముక్కలు కలిపిన అతుకు దగ్గర కూడా నష్టం హద్దు దాటకూడదు. దాటితే ఆరుగురు పనిచేసే ఆ గది మూతబడుతుంది.

అతుకు వేసిందీ, కొలిచే సన్నతీగలు అంటించిందీ బాబాయే. ప్రభుత్వం వాళ్లు చూస్తుండగా పరీక్ష జరిగింది. నష్టం చూపే మీటరు కదల్లేదు. పరిశోధన నడిపే మేడమ్, కూతురి వయసు పిల్ల, ఆయన చేతులు పట్టుకుని ఊపేసింది. అందరి మధ్యా నిలబడి ఆయన నవ్విన నవ్వు చూస్తే లాటరీ తగిలిందనుకోవాలి.

మర్నాడు తీగను బయటికి తీసి పైన చుట్టిన టేపు విప్పితే సంగతి బయటపడింది. అంటించేనాడు అతుకు మీదా, దానికి జానెడు ఇవతలా ఒకేలాంటి టేపు చుట్టి ఉంది. ఏది ఏదో పోల్చుకోలేక, అతుక్కి అటొకటి ఇటొకటి ఉండాల్సిన సన్నతీగలు రెండూ ఒకే పక్కన అంటించాడు. మీటరు కొలిచింది ఉత్త తీగని. పెళ్లికూతుర్ని చూడ్డానికి వెళ్లి చెల్లెల్ని చూసి వచ్చినట్టయింది.

ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే గది ఉంటుంది, మనుషులుంటారు, బాబాయ్ అని పిలిచే గొంతులుంటాయి. ఒంటరితనమంటే ఆయనకి చచ్చేంత భయం. టీ కూడా తాగకుండా ఆ తీగ ముందే కూర్చుని, మధ్యాహ్నానికి లేచి మేడమ్ దగ్గరికి వెళ్లాడు.

"మనం కొలిచింది అతుకుని కాదమ్మా. తప్పు నాదే. ప్రభుత్వానికి రాసెయ్యండి."

ఇంకెవరికైనా చెప్పారా అని ఆవిడ అడిగింది. లేదన్నాడు. ఇద్దరూ కలిసి మళ్లీ కొలిచారు. ఈసారి మీటరు కదిలింది, హద్దు దాటింది. సాయంత్రానికి ఆవిడ ఉత్తరం రాసి పంపింది. ఆవిడా గట్టిపిండమే.

సాయం ఆగిపోయింది. నెల తిరక్కుండా గది ఖాళీ అయింది. ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలకి వెళ్తూ పర్లేదు బాబాయ్ అన్నారు, ఫోన్ చేస్తామన్నారు. చివరిరోజు మేడమ్ మాత్రం దాచుకోలేకపోయింది.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు బాబాయ్."

నిష్ఠూరంగా అనలేదు. అదే ఆయనకి ఎక్కువ కష్టమనిపించింది.

ఇంటికొచ్చి తాళం తీశాడు. చెప్పులు విడిచి, లైటు వేసి, "తప్పు నాదే" అన్నాడు పైకి. కాదనేవాళ్లు లేరు. అవుననేవాళ్లూ లేరు.