బొట్టు పెట్టిన మోటారు

తూంకుంటలో మా ఇంట్లో నాకంటూ ఒక గది ఉండేది. దానికి నాలుగు తలుపులు, చుట్టూ అద్దాలు, ఒక స్టీరింగు. ఇంజను మాత్రం లేదు.

ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఒకదాంట్లో టీవీ, ఇంకోదాంట్లో అమ్మ కుట్టుమిషను పొద్దంతా మోగుతూనే ఉంటాయి. బాపు, అంటే మా నాన్న, జీడిమెట్లలో మిషన్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. ఒక పాత చిన్న కారు కొనుక్కొచ్చి, పెట్రోలు ఇంజను పీకేసి, బ్యాటరీ ఆటోలోంచి తీసిన మోటారు బిగించి, కరెంటు మీద నడిపిస్తానన్నాడు. పీకడం ఒక్క పూటలో అయిపోయింది. బిగించడమే నెలలు పట్టింది. ఆ నెలలన్నీ కారు రేకుల షెడ్డు కింద ఇటుకల మీద నిలబడి ఉంది, నేను దాని వెనక సీట్లో పుస్తకాలు చదువుకున్నాను, డైరీ రాసుకున్నాను.

మనుషులతో మాట్లాడాలంటే నేను ముందురోజే ఆ మాటలు డైరీలో రాసి చూసుకుంటాను. కారులో కాళ్లు ముడుచుకుని పడుకుంటే ఎవరికీ కనపడను. కారును చూడడానికి వచ్చినవాళ్లు బానెట్ మీద చేతులు పెట్టుకుని, లోపల నేనున్నానని తెలియక మా ఇంటి సంగతులన్నీ చర్చించేవారు. ఒకసారి ఒకాయన, "పాపం, ఆ పిల్లకు మాటలు రావంట" అన్నాడు. కాదని చెప్పాలంటే మాట్లాడాలి కదా. ఊరుకున్నాను.

బాపుకు పనిలో తోడు శామీర్‌పేట రోడ్డులో వెల్డింగ్ షాపు నడిపే ఆయన చిన్ననాటి స్నేహితుడు. మేమందరం ఆయనను భాయ్ అనే పిలుస్తాం. దసరాకు ముందు మోటారు ఇరుసు వణుకుతోందని ఇద్దరూ కలిసి దాన్ని ఊడదీశారు. మోటారుకు మూడు లావు తీగలు వస్తాయి. ఏ తీగ ఎక్కడిదో మళ్లీ తెలియాలని భాయ్ నా గోళ్ల రంగు అడిగి తీసుకుని, ఒక తీగకు ఒక ఎర్ర చుక్క, ఇంకోదానికి రెండు చుక్కలు పెట్టాడు. మూడోదాన్ని వదిలేశాడు. మోటారు మీద ఆ తీగలు బిగించే చోట్ల కూడా అవే గుర్తులు.

"ఇగ పరేషాన్ లేదన్నా. గుడ్డోడు గూడ బిగిస్తడు" అన్నాడు.

మర్నాడు దసరా. అమ్మ ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటికీ పూజ చేస్తుంది. కుట్టుమిషను, కత్తిపీట, బాపు పానాలు, సుత్తి అయ్యాక షెడ్డులోకి వచ్చింది. నేల మీద గోనెసంచిపై కూర్చుని ఉన్న మోటారుకు బంతిపూల దండ వేసింది. పసుపు రాసింది. తడి కుంకుమతో మోటారుకు, మూడు తీగలకు, కనపడ్డ ప్రతి బోల్టుకు బొట్లు పెట్టింది. అమ్మ బొట్టు పెడితే చేతికి లెక్క ఉండదు.

హారతి ఇస్తూనే బాపుతో చెప్పింది. "ఇగో, ఇదే ఆఖరు పూజ. వచ్చే ఆదివారం గీ బండి నన్ను కూసొవెట్టుకోని మేడ్చల్ పోయి రావాలె. రాలేదా, సోమవారం తుక్కోన్ని పిలుస్త. నా మిషను షెడ్డుల ఏస్కుంట, జర గాలన్న తగుల్తది."

బాపు హారతి కళ్లకద్దుకున్నాడు. వెనక సీట్లో నేను లెక్క వేసుకున్నాను. బండి నడిస్తే బాపు జీడిమెట్ల తీసుకుపోతాడు, నడవకపోతే తుక్కువాడు తీసుకుపోతాడు. అయినా బాపు తీసుకుపోయిన బండి సాయంత్రానికి తిరిగొస్తుంది. అందుకని నడవాలనే కోరుకున్నాను.

పండగ వెళ్లాక భాయ్ మోటారు బిగించడానికి కూర్చున్నాడు. తీగల వైపు చూశాడు. ఒకదానికి రెండు చుక్కలు, ఒకదానికి నాలుగు, ఒకదానికి ఎన్నో చెప్పలేం. అన్నీ ఎర్రవే. నూనె మరకల మధ్య గోళ్ల రంగేదో కుంకుమేదో ఆయనకు తెలియలేదు.

"వదినా, నువ్వు వీటికి గూడ పెట్టినవా?"

"పెట్టకపోతే ఎట్ల తమ్మీ? అసలు పనిజేసేది గవే అంటివి గదా!"

"జర తుడిచి చూస్త..."

"బొట్టు తుడుస్తవా? పూజ జేసినదానికి? మీ అన్న నడిపే బండిది!"

భాయ్ చేతిలోని గుడ్డను వెంటనే జేబులో పెట్టుకున్నాడు. "తౌబా తౌబా. నేనెందుకు తుడుస్త వదినా?" అని, కంటికి తోచినట్టు బిగించేశాడు.

ముందు చక్రాలు జాకీల మీద లేపి పరీక్ష చేశారు. చక్రాలు తిరిగాయి. బాపు ఎడమ పక్క నిలబడి చూస్తున్నాడు, భాయ్ కుడి పక్క.

"గడియారం లెక్క తిరుగుతాంది" అన్నాడు బాపు.

"లే అన్నా, ఉల్టా తిరుగుతాంది."

"కండ్లు లేవా నీకు? ఇటొచ్చి చూడు."

భాయ్ అటు వెళ్లాడు, బాపు ఇటు వచ్చాడు.

"నువ్వన్నదే కరెక్టన్నా, గడియారం లెక్కనే" అన్నాడు భాయ్.

"లేదురా, నువ్వన్నట్టే ఉల్టా తిరుగుతాంది" అన్నాడు బాపు.

ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకున్న తృప్తితో చాయ్ తాగడానికి వెళ్లిపోయారు. కారు ఏ వైపు పోతుందన్న ప్రశ్న అక్కడే జాకీల మీద ఉండిపోయింది. నాకు అనుమానం వచ్చింది కానీ, మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో ఆలోచించేలోపు జాకీలు దించేశారు.

ఆదివారం పొద్దున అమ్మ పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వెనక నేనూ, ఏమైనా ఊడితే బిగించడానికి భాయ్. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టారు. పక్కనే వెలిసిన కొత్త లేఅవుట్‌లో ఉండే అంకుల్ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయనది కోస్తా, ఏదో ఆఫీసులో ఉద్యోగం.

"పర్మిషన్ ఉందాండీ దీనికి?"

"మా ఇంటామె ఇయ్యాలె పర్మిషన్" అన్నాడు బాపు, తాళంచెవి తిప్పుతూ.

"మరి స్టార్ట్ చెయ్యండి."

"అయింది."

"ఏదండీ, చప్పుడేదీ?"

"చప్పుడుండదు."

"చప్పుడు లేకుండా స్టార్ట్ అయిందని మీకెలా తెలుసండీ?"

బాపు మొదటి గేరు వేసి పెడల్ నొక్కాడు. కారు మెత్తగా, ఎంతో హుందాగా, వెనక్కి వెళ్లి నీళ్ల డ్రమ్మును కొట్టింది.

రెండో గేరు వేశాడు. డ్రమ్మును ఇంకాస్త గట్టిగా తోసింది.

"నిమ్మకాయలు తొక్కలే" అంది అమ్మ, ముందుకు చూస్తూ.

"తీగలు తప్పినయన్నా. మూడింట్ల రెండు మార్చాలె" అన్నాడు భాయ్. "ఏ రెండో ఎట్ల తెల్వాలె? బొట్లున్నయి. తప్పు జాగల పెడితే మోటారు కాల్తది."

అమ్మ తల అడ్డంగా ఊపింది. బాపు కాసేపు గేరు రాడ్ వైపు చూశాడు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. అది చూసి నాకు భయమేసింది.

"ముందు గేరుల ఎన్కకు పోతున్నది గదా? అయితే ఎన్క గేరుల ముందుకు పోవాలె!"

పోయింది. నిమ్మకాయలు చితికాయి. అంకుల్ చప్పట్లు కొట్టాడు. దాంతోపాటే పాట మొదలైంది. కారు వెనక్కి తీసేటప్పుడు జనం తప్పుకోవడానికి మోగే పాట అది. ముందు యజమాని పెట్టించాడు. ఇంజను, టేపు, ఏసీ అన్నీ పోయినా అదొక్కటి బతికే ఉంది.

అలా రివర్సు గేరులో, పాట పాడుకుంటూ, సైకిలు వేగంతో శామీర్‌పేట మీదుగా మేడ్చల్‌కు బయలుదేరాం. పాట వినగానే మా వెనక వచ్చే బండ్లు ఆగిపోయేవి. రోడ్డు పక్క ఖాళీగా ఉన్నవాళ్లు అలవాటుగా మా వెనకకు వచ్చి, చేయి ఊపుతూ "రానియ్, రానియ్, ఇంకా రానియ్" అని దారి చూపించేవారు. మేము వాళ్లకు దూరంగా వెళ్లిపోతుంటే, చేయి గాల్లోనే ఉంచి చూస్తూ నిలబడేవారు. ఒకాయన మాత్రం పట్టు వదలక చాలా దూరం నడిచొచ్చి, "బస్, బస్, చాలు" అని డిక్కీ మీద చరిచాడు. బాపు పాపం ఆపాడు కూడా.

"గిదేం పెండ్లి ఊరేగింపయ్యా" అంది అమ్మ, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని.

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గరికి వచ్చేసరికి కాలిన రబ్బరు వాసన వచ్చింది. పాట ఆగింది. కారూ ఆగింది.

"ఈ గేరుల గింత దూరం పోతే మోటారు మీద మస్తు లోడు పడ్తదన్నా. ఇట్ల మేడ్చల్ దాక రాదు" అన్నాడు భాయ్.

"అయితే సరే" అంది అమ్మ. కోపం కూడా లేదు. "రేపు తుక్కోన్ని పిలుస్త."

బాపు స్టీరింగు మీద చేతులు తీయలేదు. ఆయన మెడ వెనక భాగమే నాకు కనపడుతోంది. మాటలు రాని పిల్లగా ఉండిపోతే సోమవారం నుంచి నా సీటు ఉండదు.

"కుంకుమ చేతికి అంటుతది" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. భాయ్ అయితే అద్దంలోంచి బయటికి కూడా చూశాడు, ఇంకెవరైనా అన్నారేమోనని.

"నా గోళ్ల రంగు అంటదు. తుడుసుడెందుకు? అమ్మా, నువ్వే వేలితోని తీస్కోని నీకు బొట్టు పెట్టుకో. ప్రసాదం తీస్కున్నట్టు."

"ప్రసాదమైతే తప్పు లేదు" అంది అమ్మ. తర్వాత తలుపు తెరుచుకుని దిగింది. భాయ్ బానెట్ లేపి, ముందుగా బ్యాటరీల తీగ ఊడదీశాడు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కారులోకి వంగి, ఒక్కొక్క తీగ మీది కుంకుమను వేలితో అద్ది నుదుటికి పెట్టుకుంది. మోటారు మీదివి కూడా. నూనె కలిసిన కుంకుమ కదా, అమ్మ నుదురు మెకానిక్ చేయిలా తయారైంది. చెరువు చూడడానికి వచ్చిన జనం మాకు దండం పెట్టాలా వద్దా అని కాసేపు తటపటాయించి, ఎందుకైనా మంచిదని పెట్టారు.

తీగల మీద నా గోళ్ల రంగు చుక్కలు మిగిలాయి. ఒకటి, రెండు, ఏమీ లేనిది. భాయ్ రెండు తీగలు మార్చాడు. మోటారు చల్లారాక బాపు మొదటి గేరు వేశాడు. కారు ముందుకు పోయింది, పాట లేకుండా. మేడ్చల్ చేరేదాకా ఎవరూ మా వైపు తిరిగి చూడలేదు. అది అమ్మకు కొంచెం వెలితిగానే అనిపించినట్టుంది.

తుక్కువాణ్ని పిలవలేదు. ఇప్పుడు అమ్మకు కారు కావాలి. బ్లౌజులు ఇచ్చి రావడానికి, కూరగాయలకు, ఏ పనీ లేకపోయినా శామీర్‌పేట దాకా. బాపు జీడిమెట్లకు మళ్లీ బస్సులోనే పోతున్నాడు. పోతూ పోతూ ఒక మాట గట్టిగా చెప్పాడు. ఛార్జింగు పెట్టినప్పుడు బ్యాటరీలు వేడెక్కుతాయేమో చూడడానికి ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి, ఇంకెవ్వరూ బండిని ముట్టుకోవద్దు. ఛార్జింగుకు సగం పగలు పడుతుంది. అంతసేపు ఊరికే కూర్చునే ఓపిక మా ఇంట్లో నా ఒక్కదానికే ఉంది.

మధ్యాహ్నం అమ్మ సంచి పట్టుకుని వచ్చి అద్దం మీద కొడుతుంది.

"నిండిందానే?"

నేను మీటరు వైపు చూస్తాను. తర్వాత పుస్తకంలో మిగిలిన పేజీల వైపు చూస్తాను.

"ఇంకా లేదమ్మా" అంటాను, గట్టిగానే.