అయిదడుగుల చెక్కు

కోపం తగ్గాక రాయమని మా తమ్ముడన్నాడు. అది తగ్గేట్టు లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమకాలు సన్నబడితే, మా నాన్నగారే జగ్గయ్యపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలూ లెక్కలూ పద్యాలూ నేర్పారు. వాటితోపాటు ఒక అలవాటు కూడా చేశారు. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు మనకు మేలు చేసినవాళ్ళని పేరుపేరునా తలుచుకుని దణ్ణం పెట్టాలి. పాలు పోసినవాడైనా సరే, కుళాయి బాగుచేసినవాడైనా సరే. నాకు అరవై దాటాయి. ఒక్కరోజు కూడా మానలేదు. మంచి చేసినవాళ్ళకి నోరారా మంచిమాట చెప్పడంలో ఎప్పుడూ పిసినారితనం చూపలేదు. ఆ అలవాటే నా చేత తప్పు చేయించింది.

మా ఇంట్లోనే పక్కవాటాలో అద్దెకుండేవాళ్ళ పిల్ల పదో తరగతి చదువుతోంది. తండ్రి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ లోడు లారీ తోలతాడు. తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. వేసవి సెలవులకి ఆ పిల్ల వాళ్ళ అమ్మమ్మ ఊరు వెళ్తుంది. ఆ ఊరి పక్కన రాళ్ళ క్వారీ ఉంది. అక్కడ మందు పేల్చినప్పుడల్లా ఇళ్ళలో అటకల మీద గిన్నెలు గలగలమంటాయి. అందరూ చెవులు మూసుకుని మళ్ళీ పనిలో పడతారు. ఈ పిల్ల మాత్రం గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, పక్కన వాళ్ళ నాన్న పాత ఫోనులో టైము పెట్టి, ఏ పేలుడుకి నీళ్ళు ఎంతసేపు కదిలాయో, ఏ గది ఎక్కువ ఊగిందో సెలవులన్నీ కూర్చుని రాసుకుంది. ఆ నోటుపుస్తకమే సైన్సు ఫెయిరుకి వెళ్ళింది, జిల్లా దాటింది. చివరికి జపానులో భూకంపాల మీద పరిశోధన చేసేచోట పదిరోజులు ఉండి చూసి రావడానికి ఎంపికైన పిల్లల్లో ఈ పిల్ల పేరు వచ్చింది.

"మామ్మగారూ, అక్కడ ఇల్లంత బల్ల ఉంటుందండీ. దాని మీద నిజం ఇల్లు కట్టి, కావాలని ఊపుతారండీ!" అని చెప్పడానికి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

అక్కడ తిండీ బసా వాళ్ళే చూసుకుంటారు. విమానం టికెట్టు, వీసా, మిగతా ఖర్చులు మనం పెట్టుకోవాలి. మొత్తం లక్షన్నర. నెలాఖరులోగా కట్టకపోతే జాబితాలో తర్వాతి పిల్లని పంపిస్తామని చెప్పేశారు.

నేనూ, వాళ్ళ సైన్సు టీచరమ్మా చందాలకి బయలుదేరాం. వీధి చివర ఇడ్లీబండి ఆవిడ ఒక ఆదివారం అమ్మకం మొత్తం ఇచ్చేసింది. టీచర్లు తలా కొంత వేశారు. పెనుగంచిప్రోలులో మిరప వేసే మా నాన్నగారి శిష్యుడొకాయన ఫోనులోనే పంపించి, "పిన్నిగారూ, కాయలు అమ్మాక ఇంకో పదివేలు నాది, రాసుకోండి" అన్నాడు. ఇంకో అయిదారుగురు ఈ వారం వచ్చేవారం అన్నారు. నలభై వేల దాకా చేతికొచ్చాయి. ఆ మాట ఇచ్చినవాళ్ళంతా ఇస్తే, మిగతాది పిల్ల తండ్రి ఎక్కడో సర్దుకునేవాడే.

అంతలో హెడ్మాస్టరుగారు శుభవార్త అంటూ వచ్చారు. నందిగామలో ఎరువులూ పురుగుమందుల షాపు ఉన్న పెద్దమనిషి ఒకాయన లక్ష ఇస్తానన్నారట.

బడి ఆవరణలో షామియానా వేశారు. మైకు పెట్టారు. వెనక ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో ఆయన ఫొటో తలుపంత ఉంది, పిల్ల ఫొటో పోస్టుకార్డంత. కింద ఎర్ర అక్షరాలతో 'నిరుపేద విద్యార్థినికి చేయూత'. పిల్ల తండ్రి డ్యూటీ మధ్యలో వచ్చి చివర నిలబడ్డాడు. ఆ అక్షరాలు చదివి టవలు భుజం మీంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. "మామ్మగారూ, నేను నెలనెలా అద్దె ఇస్తూనే ఉన్నాగదండీ" అన్నాడు నాతో నెమ్మదిగా. ఆ ఒక్కమాటకే నేను లేచి ఇంటికి వచ్చేయాల్సింది. రాలేదు. పిల్ల వెళ్తుంది కదా అని ఊరుకున్నాను.

ఆయన అయిదడుగుల చెక్కు తెప్పించాడు. థర్మాకోల్ అట్ట మీద అంటించిన చెక్కు. పిల్ల పేరు, లక్ష రూపాయలు, ఆయన సంతకం, ఆ సంతకం పక్కన మళ్ళీ ఆయన ఫొటో. ఆ చివర ఆయన, ఈ చివర పిల్ల పట్టుకుంటే, "ఇటు చూడమ్మా, కొంచెం నవ్వమ్మా" అంటూ నలుగురు ఫొటోలు తీశారు. తర్వాత నన్ను మైకు దగ్గరకి పిలిచారు. నేను చేతులు జోడించి, "ఈ బాబు చల్లగా ఉండాలి. ఈయన వల్లే మా పిల్ల విమానం ఎక్కుతోంది" అన్నాను. అది వీడియో తీశారు.

అసలు చెక్కు రెండు రోజుల్లో పంపిస్తానన్నాడు. వారమైంది. హెడ్మాస్టరుగారు ఫోను చేస్తే, "సారు ఊళ్ళో లేరండి" అని గుమాస్తా చెప్పేవాడు. ఇంకోవైపు మేం మళ్ళీ గడపలెక్కాం. మాట ఇచ్చినవాళ్ళు నవ్వుతూ ఎదురొచ్చారు.

"ఇంకా ఎందుకు పిన్నిగారూ? లక్ష వచ్చేసిందిగా. వాట్సాప్‌లో చూశాం. మీరే చెప్పారుగా!"

నేనే చెప్పాను. ఎవరూ నన్ను అబద్ధమాడమనలేదు. చేతికి రాని డబ్బుకి దణ్ణం పెట్టి, రావలసిన డబ్బుకి తలుపులు నేనే మూశాను. ఆ వీడియోలో నా మొహం చూసుకుంటే నాకే ఒళ్ళు మండింది.

నెలాఖరుకి నాలుగు రోజులున్నాయి. పిల్ల తండ్రి వచ్చి, "వద్దులెండి మామ్మగారూ, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. పిల్ల గ్లాసూ నోటుపుస్తకమూ తీసి అటక మీద పెట్టేసింది. అది చూశాక ఆగలేకపోయాను. మర్నాడు పొద్దున్నే, వాళ్ళ వరండాలో గోడకి ఆనించి ఉన్న ఆ అయిదడుగుల చెక్కుని పాత చీరతో చుట్టి బస్టాండుకి వెళ్ళాను.

బస్సెక్కేటప్పుడు చీర జారింది. కండక్టరు చెక్కు వంక, నా వంక చూశాడు.

"ఆడవాళ్ళకి బస్సు ఉచితమేగానీ మామ్మగారూ, దీనికి లగేజీ కొట్టమంటారా?"

"కొట్టు నాయనా. అది లక్ష రూపాయల మనిషి."

"ఇంత పెద్ద చెక్కు ఏ బ్యాంకులో మారుస్తారండీ?" అంది వెనక సీట్లో మల్లెపూల బుట్టతో కూర్చున్న ఆవిడ.

"అది కనుక్కుందామనే వెళ్తున్నా."

బస్సంతా నవ్వారు. నేను నవ్వలేదు. నందిగామ దాకా ఆ చెక్కు మీదున్న మొహం కిటికీలోంచి బయటకి నవ్వుతూనే ఉంది.

షాపులో రైతులు మిరపకి మందు కొనుక్కుంటున్నారు. చెక్కు తీసుకెళ్ళి కౌంటరుకి ఆనించాను. ఊళ్ళో లేని మనిషి గల్లాపెట్టె దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"అయ్యో, రండి రండి మామ్మగారూ! ఒరేయ్, కాఫీ చెప్పరా. ఇది తెచ్చారేంటండీ, ఇది నమూనా కదా?"

"అసలుది ఏది బాబూ?"

"చూద్దామని చెప్పా కదండీ హెడ్మాస్టరుగారికి. సీజను బాగాలేదు. అరువు బాకీలు ఆగిపోయాయి."

"చూద్దామన్నమాట మైకులో అనలేదుగా."

"పోనీ ఒక పదివేలు సర్దుతా. పిల్లని తీసుకురండి, ఇక్కడే చిన్న ఫొటో..."

నా గొంతు పెద్దది కాదు. ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. "నీ డబ్బు నీ దగ్గరే ఉంచుకో. ఇవ్వలేదని మాత్రం చెప్పు. ఆ రోజు ఎంతమంది ముందు ఇచ్చానన్నావో అంతమంది ముందు, నీ నోటితో చెప్పు. మా తలుపులు మాకు తెరుచుకుంటాయి" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పెద్దవారు, దేవుడి మనిషి, మీకెందుకండీ ఈ గొడవ?"

దేవుడి మనిషినట! అంటే ఎవరేం చేసినా చేతులు జోడించే మనిషినని. మందు డబ్బా పట్టుకుని నిలబడ్డ ఒక కుర్ర రైతుని పిలిచి, "బాబూ, నీ ఫోనులో వీడియో తియ్యి" అన్నాను. చెక్కు పక్కన నిలబడ్డాను. పిల్ల పేరు చెప్పలేదు, వాళ్ళ బీదరికం ఎత్తలేదు. ఆ మాటలు అప్పటికే ఎక్కువయ్యాయి. "ఆ రోజు మైకులో ఈయనకి కృతజ్ఞత చెప్పింది నేను. రూపాయి రాలేదు. రాకుండా చెప్పడం నాదే తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాను. అంతే. చెక్కు మళ్ళీ చీరలో చుట్టుకుని వచ్చేశాను.

సాయంత్రానికి ఆ వీడియో నాకంటే ముందు జగ్గయ్యపేట చేరింది. పెనుగంచిప్రోలు శిష్యుడు కాయలు అమ్మకముందే పదివేలు పంపించి, "వచ్చిందో లేదో కనుక్కోకుండా లక్ష వచ్చేసిందిగా అనేశాను పిన్నిగారూ" అని బాధపడ్డాడు. మాట ఇచ్చినవాళ్ళలో నలుగురు వచ్చారు. మర్నాడు షాపాయన గుమాస్తా మోటారుసైకిలు మీద వచ్చి కవరు ఇచ్చిపోయాడు. అందులో అరవై వేలున్నాయి. లక్ష కాదు. పిల్ల కోసమని పుచ్చుకున్నాను. మిగిలిన కొంచెం పిల్ల తండ్రి ఫ్యాక్టరీలో అడ్వాన్సు తీసుకున్నాడు. గడువుకి ఒకరోజు ముందు డబ్బు కట్టేశాం.

పిల్ల వెళ్ళింది, వచ్చింది. ఆ ఊగే బల్ల గురించి ఇప్పటికీ చెబుతూనే ఉంది. నందిగామలో మాత్రం కొత్త ఫ్లెక్సీ కట్టారని, అందులో అదే మొహం, కింద లక్ష అనే ఉందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు.

హెడ్మాస్టరుగారు ఫోను చేశారు. "ఆయన బాధపడుతున్నారమ్మా. ఎలాగైనా ఇచ్చారు కదా. ఒక్కమాట థాంక్స్ చెప్పండి, బాగుంటుంది." చెప్పనన్నాను. మళ్ళీ చేశారు. మళ్ళీ చెప్పనన్నాను.

మొన్న సాయంత్రం దీపం పెట్టి పేర్లు తలుచుకుంటున్నాను. పిల్ల పక్కనే కూర్చుంది. ఇడ్లీబండి ఆవిడ, టీచరమ్మ, మిరపరైతు, వీడియో తీసిన పేరు తెలియని అబ్బాయి, బస్సు కండక్టరు. కళ్ళు తెరిచేసరికి నా వంకే చూస్తోంది.

"ఆయన్ని మరిచిపోయారు మామ్మగారూ. ఆయన కూడా ఇచ్చారుగా?"

"ఇవ్వలేదమ్మా. మనం ఇప్పించుకున్నాం" అన్నాను.

ఆ పేరు నా నాలుక చివరిదాకా వస్తుంది. రోజూ వస్తుంది. నా తండ్రి నేర్పిన అలవాటు కనుక వస్తుంది. అక్కడే ఆగిపోతుంది. దేవుడికి అది తప్పనిపిస్తే నన్నే అడుగుతాడు, చెప్పుకుంటాను.