గోడ అవతలి గరిటె చప్పుడు

మదరాసు పురసవాక్కంలో మేమున్న ఇంట్లో పేరుకు నాలుగు పోర్షన్లు. మా వంటింటి గోడే పరంధామయ్య గారి వంటింటి గోడ. దాన్ని కట్టిన మేస్త్రీ ఎవరోగాని సున్నంలో పిసినారితనం కలిపి కట్టాడు. అవతల తాలింపు వేస్తే ఇవతల నాకు తుమ్ములు. నేను తుమ్మితే అవతలినుంచి గోవిందమ్మ, "ఏమే రాజలక్ష్మీ, జలుబా? మిరియాల చారు పెట్టుకో" అని కేకేసేది. ఆ గోడ పుణ్యమా అని పదేళ్లపాటు వాళ్లింటి భోజనం నేను చెవులతో తిన్నాను.

గోవిందమ్మ భర్తే పరంధామయ్య. హైరోడ్డులో ఒక జవుళి కొట్టులో గుడ్డలు చూపించే ఉద్యోగం. "రంగు పోదమ్మా, ముడుచుకోదమ్మా, మీకు ఇది తప్ప ఇంకోటి నప్పదమ్మా" అని పొద్దస్తమానం వచ్చినవాళ్లనీ పోయినవాళ్లనీ పొగడాలి. మొదటి ఉతుక్కే రంగు వదిలే చీర కూడా ఆయన మాటల్లో మాత్రం వదిలేది కాదు. ఇంటికొచ్చి చెప్పులు విడిచేసరికి ఆ మనిషిలో మెచ్చుకోలు అడుగంటిపోయి ఉండేది. ఇక మిగిలేది వంకలు పెట్టడం. పీట మీద కూర్చున్న మనిషికి వంక పెట్టడానికి ఎదురుగా ఉండేది వంట ఒక్కటే.

"ఏందిది? చారా, చెయ్యి కడిగిన నీళ్లా?"

"చెయ్యి కడిగిన నీళ్లే. మీ అమ్మ పెట్టిన చారు కావాలంటే ఆడికే పోయి తాగండి."

ఆయన తల్లి కాలం చేసి అప్పటికి ఎన్నో ఏళ్లు.

"వంకాయ ఉడకలా."

"పళ్లుండాయి గదా, నమలండి. పళ్లకేమన్నా సెలవిచ్చినారా?"

ఆ తర్వాత గరిటె. గోవిందమ్మ దగ్గర మాటలు అయిపోయాయనడానికి అదే గుర్తు. గరిటెతో గిన్నె అంచు మీద ఠంగుమని ఒకటి కొట్టేది. ఇవతల గూట్లో నా ఉప్పు జాడీ అదిరేది. అంతటితో పంచాయితీ ముగిసేది. "సరి సరి, ఇంకొంచెం అన్నం వెయ్యి గోవిందూ" అనేవాడాయన. రోజూ ఇంతే. మదరాసు ఎవరిదని ఊరంతా గొంతులు చించుకుంటున్న రోజుల్లో కూడా ఆ ఇంట్లో వాదన వంకాయ దాటి పోలేదు.

అసలు మనిషి ఎలాంటివాడో కంచం ముందే తెలిసిపోతుందని నాకో నమ్మకం. మూడో పోర్షను నాగప్పన్ తలుపు గడియ పెట్టుకుని తినేవాడు, ఎవరన్నా వస్తే పెట్టాల్సి వస్తుందని. తిని బయటికొచ్చి, "ఏమిటో, ఈ మధ్య ఆకలే ఉండటం లేదు" అని తేన్చేవాడు. ఇక మా ఆయన రంగనాథం. కంచం పక్కన పేపరు పరుచుకుని, అందులో తలపెట్టి, ఏం పెడితే అది తినేవాడు. బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. "నీదెంత అదృష్టమే! వంకలు పెట్టని మొగుడు!" అనేవాళ్లు చూసినవాళ్లంతా. అదృష్టమే మరి. గోడకు వండిపెట్టే అదృష్టం.

అందుకే నాకు గోవిందమ్మను చూస్తే కడుపుమంటగా ఉండేది. ఒకసారి వెనక వరండాలో ఇద్దరం బియ్యం ఏరుకుంటూ ఉంటే ఉండబట్టలేక అడిగేశాను. "పెద్దమ్మా, పెళ్లిళ్లకు నిన్ను పిలిచి చారు పెట్టించుకుంటారు గదా ఈ వీధిలో. ఇంట్లో చారుకు మాత్రం ఉప్పు ఎట్లా మరిచిపోతావు?"

గోవిందమ్మ అటూ ఇటూ చూసి, చేట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మరిచిపొయ్యేదా, నేనా? దినానికి ఒక వంక, మే. ఒకటంటే ఒకటే. చారులో ఉప్పు తగ్గిస్తినా, కూర బ్రమ్మాండంగా ఉండాల. కూర ఉడకనీకపోతినా, చారు గుమగుమలాడాల. ఒకదాన్ని తిట్టుకుంటా రెండోదాంతో కడుపునిండా తింటాడు. కొట్లో పొద్దన్నించి అందరికీ తల వంచి వస్తాడు గదా, ఇంట్లోనన్నా గొంతెత్తనీ అని. వంక దొరకని దినం ఆ మొగం చూడాల నువ్వు! గమ్మున లేచి పోతాడు. ఆ దినం నిద్ర పట్టదు, ఆయనకీ, నాకూ." మళ్లీ చేట అందుకుంటూ, "ఈ రేషను బియ్యం వచ్చినాక నాకు పని తగ్గింది. రాళ్లు గవర్నమెంటే వేసి పంపిస్తా ఉండాది" అంది. ఆపైన వేలు చూపించి బెదిరించింది. "ఆయనకు మాత్రం చెప్పబాకు."

మర్నాడు నేనూ చేశాను ఆ పని. మా ఆయనకు ఉప్పు లేని చారు పోసి ఎదురుగా కూర్చున్నాను. ఏమంటాడో, నేనేమనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన పేపరు తిప్పాడు, చారు తాగాడు, చెయ్యి కడుక్కున్నాడు, గొడుగు తీసుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు. నేను ఆ చారు గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను. సిగ్గెందుకు, నిజంగానే ఏడ్చాను.

గోవిందమ్మకు కామెర్లు వచ్చాయి. నాటు మందు వేయించారు, ఆస్పత్రిలో పెట్టారు, ఏదీ అక్కరకు రాలేదు. ఆమె పోయిన తర్వాత, తొండియార్‌పేటలో వేరే కాపురమున్న కొడుకు శేషాద్రి, తండ్రిని ఒంటరిగా వదలకూడదని భార్య అలమేలుతో పురసవాక్కం వచ్చేశాడు. మంచి కొడుకే. కోడలు ఇంకా మంచిది. తెలుగువాళ్ల పిల్లే గాని పుట్టి పెరిగిందంతా అరవల వీధిలో కావడంతో తెలుగు మాట్లాడాలంటే కొంచెం తడుముకునేది. తడుముకోనిది వంటలోనే. ఉప్పూ పులుపూ కారం, దేని కొలత దానికి. రుచి చూస్తే వంక పెట్టడానికి వేలు పెట్టేంత సందు దొరికేది కాదు.

గోడ అవతల భోజనం ఇప్పుడు ఇలా సాగేది. పీట వాల్చిన చప్పుడు. కంచం పెట్టిన చప్పుడు. "ఇంకొంచెం వెయ్యనా మామా?" "పోదుమమ్మా." అంతే. చాలుననే ఆ ఒక్క మాటా ఆయన అరవంలోనే అనేవాడు, పిల్లకు సులువుగా ఉంటుందని కాబోలు.

ఒక రోజు మాత్రం పాత అలవాటు కొద్దీ, "వంకాయ కొంచెం..." అని నోరు విప్పాడు. "ఐయో, తప్పయిపాయె మామా" అని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని, అప్పటికప్పుడు పొయ్యి రాజేసి ఇంకో కూర చేసి వడ్డించింది. ఆయన తల వంచుకుని అది తిన్నాడు. మళ్లీ ఎప్పుడూ వంకాయ పేరెత్తలేదు.

శేషాద్రికి ఇదంతా గర్వకారణం. "చూస్తివా అక్కా, మా నాయన నోరు మూయించింది మా అలమేలు! మా అమ్మ వల్ల కాలా" అన్నాడు నాతో. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. పరాయి పిల్లవాడు కాబట్టి ఊరుకున్నాను.

ఒక సాయంత్రం కొట్టునుంచి వస్తూ పరంధామయ్య మా గడప దగ్గర ఆగాడు. చొక్కా భుజాలనుంచి జారుతోంది. మనిషి అంత తగ్గిపోయాడు.

"హోటలుకు పోయినానమ్మాయ్" అన్నాడు, ఎవరూ అడగకుండానే. "ఇడ్లీ రాయి మాదిరి ఉండాదని అరిస్తిని. ఆ సర్వరు ఏం చేసినాడనుకుంటావు?"

"ఏం చేశాడు పెదనాయనా?"

"మారు మాట్లాడకుండా ఎత్తుకపోయి ఇంకో ప్లేటు తెచ్చి పెట్టినాడు. చేతులు కట్టుకుని నిలబడినాడు గూడా." ఆయన ముఖంలో అవమానం చూడాలి. ఎవరో కొట్టి పంపినట్టుంది. "తినాలని లేకపోయె. వచ్చేస్తిని."

ఆ తర్వాత ఇంట్లో కూడా తినడం మానేశాడు. రెండు ముద్దలు కలుపుకుని లేచిపోయేవాడు. జవుళి కొట్టులో కొలత తప్పి బట్ట చించుతున్నాడని, కొన్నాళ్లు ఇంటిదగ్గరే ఉండమని యజమాని కబురు పెట్టాడు. డాక్టరు వచ్చి, నాడి చూసి, నాలుక చూసి, జబ్బేమీ లేదని ఒక టానిక్కు రాసిచ్చాడు. నల్లగా, కషాయంలా ఉండే ఆ చేదు టానిక్కును ఆయన ఒక్క మాట అనకుండా తాగేశాడు. అప్పుడు భయం వేసింది నాకు. దాన్ని కూడా తిట్టలేదంటే ఈ మనిషి ఇక మిగలడనిపించింది.

అలమేలు నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "అక్కా, మామ ఇట్టే పోతే ఊరంతా నన్నే అంటాది. కోడలు కడుపు మాడ్చిందని అంటారు. నా సమయల్‌లో ఏం తప్పుండాదో మీరన్నా చెప్పండక్కా."

"తప్పు లేదే తల్లీ. అదే నీ వంటకొచ్చిన తప్పు" అన్నాను. ఆయనకు చెప్పొద్దంది గాని, కోడలికి చెప్పొద్దని గోవిందమ్మ అనలేదు కదా! మొత్తం చెప్పేశాను. దినానికి ఒక వంక సంగతి, మాటకు మాట సంగతి, గరిటె సంగతి. ఆ పిల్ల కళ్లు ఇంతలు చేసుకుని విన్నది.

"ఉప్పు లేకుండానా? మామతో ఎదురు మాట్లాడాలనా? పాపం గదక్కా!"

"ఆయన పోతే వచ్చే పాపం కంటే తక్కువే" అన్నాను. కోపంలో అన్నానేమో, గమ్మున వెళ్లిపోయింది.

మొదటి రోజు దాని వల్ల కాలేదు. ఉప్పు వెయ్యకుండా చారు దింపిందట, వడ్డించే ముందు భయపడి వేసేసిందట. చెయ్యి దానంతటదే జాడీలోకి వెళ్లిందని నాతో చెప్పుకుంది. దాన్ని మళ్లీ కేకలేసి పంపాను. మర్నాడు మధ్యాహ్నం పీట చప్పుడు, కంచం చప్పుడు వినపడగానే నేను చేతిపని వదిలేసి గోడకు చెవి ఆనించాను.

చారు జుర్రిన శబ్దం ఒకటి. తర్వాత ఏమీ లేదు. ఎంతసేపటికీ లేదు. తిట్టండి పెదనాయనా, తిట్టండి, అని ఇవతల నేను పళ్లు నూరుకుంటున్నాను.

మా గుమ్మంలో అలికిడైంది. పరంధామయ్య. కుడిచేతికి మెతుకులు అంటుకునే ఉన్నాయి. అన్నం ముందునుంచి ఎంగిలి చేత్తో లేచి గడప దాటే మనిషి కాదు ఆయన.

"అమ్మాయ్, మా కోడలిది ఉప్పు మరిచే చెయ్యి కాదు. ఎవరు చెప్పి చేయించింది?"

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆయనకు జవాబు దొరికిపోయింది, నాకు ఆ కిటుకు చెప్పిందెవరో కూడా.

"అంటే గోవిందు... ఇన్నేండ్లూ... కావాలనే చేసిందా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మరేమనుకున్నారు? ఊరందరికీ కుదిరే ఉప్పు మీ ఒక్కరికే కుదరలేదనుకున్నారా? చేతకాక కాదు, మీరు అరవాలని!"

ఆయన మా మెట్టు మీద కూలబడ్డాడు. అన్నం అంటిన చేతిని ఒళ్లో పెట్టుకోలేక, కింద ఆనించలేక, గాల్లోనే పట్టుకుని కూర్చున్నాడు.

"దినదినమూ నేనే గెలిచినా అనుకుంటినే" అన్నాడు. "బాగుండాదని ఒక్క దినం గూడా అన్లేదే అమ్మాయ్. ఒక్క దినం."

"అనుంటే మీకు జ్వరమొచ్చిందని డాక్టరును పిలిపించేది."

నవ్వాడు. నవ్వుతూనే ఎడమచేత్తో పైపంచె అందుకుని కళ్లొత్తుకున్నాడు. "పోండి, అక్కడ ఆ పిల్ల భయంతో చస్తూ ఉంటుంది" అన్నాను. లేచి వెళ్లాడు. నేను గోడ దగ్గరికి వెళ్లాను.

"ఏందమ్మా ఇది? చారా, చెయ్యి కడిగిన నీళ్లా?" పరంధామయ్య గొంతు.

"చెయ్యి కడిగిన నీళ్లే మామా." నేను నేర్పిన మాటే. "మీ అమ్మ పెట్టిన చారు కావాలంటే... కావాలంటే... మిగిలింది మరిచిపోతిని మామా."

"ఆడికే పోయి తాగండి, అనాల."

"ఐయో, అట్ట ఎట్ట అనేది మామా?"

"ఏం గాదు. అను."

"ఆడికే పోయి తాగండి" అంది, కాఫీకి పిలిచినంత మర్యాదగా.

"ఆ. ఇప్పుడు గరిటె తీసుకో. గిన్నె అంచు మీద కొట్టు."

టిక్కుమంది.

"అట్ట గాదు. గట్టిగా."

ఈసారి కొంచెం వినిపించింది. నా జాడీ మాత్రం కదల్లేదు.

"ఇంకా గట్టిగా కొట్టమ్మా" అన్నాడు పరంధామయ్య. బతిమాలుతున్నాడు. "కోపంగా కొట్టు."

ఠంగుమంది. గూట్లో నా ఉప్పు జాడీ అదిరింది.

"సరి సరి, ఇంకొంచెం అన్నం వెయ్యి గోవిందూ" అన్నాడాయన.

అలమేలు వేసింది.