బిబ్రాక్తె ఊట దగ్గర

లితుగేనకు పంతమెక్కువ. కంచు పోతపోసే మొగుడు బ్రిక్కోస్ పని వెతుక్కుంటూ కొండ దిగి, రోమన్ల కొత్త ఊరికి కాపురం మార్చాడు. ఆమె వెంట వెళ్లింది గాని, ఆ ఊరి పేరు మాత్రం ఏనాడూ నోట పలకలేదు. ముందు చక్రవర్తి పేరు పెట్టి, వెనక కొండవాళ్ల భాషలో కోట అనే మాటను తోకలా అతికించిన పేరది. ఆమెకు అది "కింద". పుట్టి పెరిగిన బిబ్రాక్తె "మనూరు".

"పేరు పలికితే పళ్లూడతాయా?" అని దెప్పేవాడు బ్రిక్కోస్.

"నా పళ్లు, నా ఇష్టం," అనేది.

ఇప్పుడు కూతురు బనోన ఒళ్లు కాలిపోతోంది. వైద్యుడు పెదవి విరిచాడు. ఇక దిక్కు కొండమీది ఊట తల్లే. ఊరికీ ఆ తల్లికీ ఒకటే పేరు, బిబ్రాక్తె. లితుగేన పిల్లను వీపున కట్టుకుని, చేవకర్రతో చెక్కించిన పిల్లబొమ్మను పట్టుకుని కొండెక్కింది. పైన ఇళ్ల దూలాలు కూడా ఎవరో ఊడబీక్కుపోయారు. చూసి ఏడ్చే తీరిక ఆమెకు లేదు.

ఊటను కనిపెట్టుకుని ఉన్న ముసలి వెసున్న పిల్ల పెదాలు తడిపింది. జబ్బుపడ్డవాళ్లే తమ ఊరి పేరు చెప్పి బొమ్మను వదలాలి. పక్కవాళ్లు అందించకూడదు.

"ఏ ఊరమ్మా మీది? ఊట తల్లికి చెప్పు," అంది వెసున్న పిల్లతో.

"అగస్టోడునం," అని కింది ఊరి పేరు చెప్పింది బనోన.

లితుగేన పిల్ల గడ్డం పట్టుకుంది. "అది కాదే. మనూరి పేరు చెప్పు."

"మనూరికి పేరుందా అమ్మా?"

వీధిలో విన్నది పిల్లకు తెలుసు. ఇంట్లో విననిది ఎలా తెలుస్తుంది? గుండెల్లో దాచుకున్న పేరును బిడ్డ చెవిన ఒక్కసారైనా వేయలేదు. తన పంతమే బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది.

"మామ్మా, ఒక్కసారి చెవిలో చెప్పనీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"నా కాళ్లదేముందే? అందించిన పేరు తల్లి తీసుకోదు."

లితుగేన నీళ్లలోకి దిగి, బిడ్డ చేత బొమ్మను వదిలించింది. "మాది అగస్టోడునం తల్లీ," అంది. అలవాటు లేని పేరుకు నోరు తిరగలేదు. "నిన్ను వదిలి దిగిపోయినవాళ్లం. కోపముంటే నన్ను తీసుకో. దీన్ని వదిలెయ్."

మునిగితేనే తల్లి తీసుకున్నట్టు. బొమ్మ తేలుతూనే ఉంది.

"కూర్చో. చెక్క నానాలి," అంది వెసున్న, ఆమె మొహం చూడకుండా.

లితుగేన బిడ్డను ఒళ్లో వేసుకుని, చెవిలో బిబ్రాక్తె, బిబ్రాక్తె అని చెబుతూ కూర్చుంది. పిల్ల ఒళ్లు చల్లబడుతోంది. జ్వరం దిగుతోందో, మరొకటో, తలొంచి చూసే ధైర్యం ఆమెకు చాలలేదు.