కిటికీ మూయమన్న కౌన్సిలర్‌తో ఓజెల్లా పోటీ

అమెరికాలో ఏరీ సరస్సు ఒడ్డున ఉక్కు మిల్లుల పట్నం అది. నల్లవాళ్లుండే తూర్పు వార్డుకు థాడియస్ గ్రిమ్స్ గారు పన్నెండేళ్లుగా కౌన్సిలర్. అన్నేళ్లలో నగరసభలో ఒక్కసారే నోరు విప్పారు. చలిగాలి వస్తోంది, కిటికీ మూయమన్నారు. వెంటనే మూశారు. నల్లవాడి మాటకు సభలో విలువేదని ఎవరన్నా అడిగితే ఆయన అనుచరులు ఆ కిటికీనే చూపించేవారు.

ఓజెల్లా ప్రూయిట్ కూడా ప్రతి ఎన్నికలో ఆయనకే ఓట్లు వేయించింది. ఆమెది ఆడవాళ్ల ఉంగరాల జుట్టును కాల్చిన ఇనప దువ్వెనతో సాపుచేసే దుకాణం. చెవి పక్కన కాలే దువ్వెన పట్టుకుని ఆమె ఫలానావారికి ఓటేయమంటే, కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

1963 వేసవిలో చెత్తబండి ఆ వార్డుకు రావడం మానేసింది. ఎలుకలు మాత్రం క్రమం తప్పలేదు. పక్కింటి పసిపిల్ల చెవి కొరికాయి. ఓజెల్లా ఆ పిల్లను ఎత్తుకుని తిన్నగా గ్రిమ్స్ గారి ఆఫీసుకు వెళ్లింది.

"ఓపిక పట్టాలి సిస్టర్. మార్పు మెల్లిగా వస్తుంది," అన్నారాయన సిగారు వెలిగిస్తూ.

"ఎలుకలకు ఆ సంగతి తెలీదు పాపం. ఓసారి మీరే వచ్చి చెప్పండి," అంది ఓజెల్లా.

ఆ ఆదివారమే చర్చిలో లేచి, ఈసారి తానే పోటీ చేస్తానంది. వారం తిరక్కుండా నగరసభ తనిఖీ అధికారి ఆమె దుకాణంలో దిగాడు. వేడి దువ్వెనల వల్ల అగ్నిప్రమాదమట! రాత్రింబవళ్లు కొలుములు మండే ఊళ్లో ఆయన బెంగంతా దువ్వెనల మీదే. దుకాణానికి తాళం పడింది. పరాయి వంటిళ్లలో అంట్లు తోమి, పైసా పైసా కూడబెట్టి పెట్టుకున్న దుకాణం. ఓజెల్లా కూర్చుని బావురుమంది. తర్వాత మొహం కడుక్కుని, తన వంటింట్లోనే ఓ కుర్చీ వేసి, పొయ్యి మీద దువ్వెన పెట్టింది.

పెరటి తలుపు మొదట తట్టింది వెర్నా. సాక్షాత్తూ గ్రిమ్స్ గారి భార్య.

"మీ ఆయనకు చెప్పే వచ్చావా?"

"చెబితే మటుకు పలుకుతాడా? సభలో ఒక్కమాటన్నా అన్నాడు, నాతో అదీ లేదే తల్లీ!"

ఎన్నికల ముందు చర్చిలో ఇద్దరినీ నిలబెట్టారు. ఇన్నేళ్లూ మా తరఫున ఏం మాట్లాడారని పాస్టరు అడిగాడు. గ్రిమ్స్ గారు గొంతు సవరించుకున్నారు.

"నేను తెరవెనక మాట్లాడతాను."

"అక్కడెవరున్నారు బాబూ, వినడానికి?" అన్నాడు వెనక బెంచీ ముసలాయన.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వెర్నా! విసనకర్ర అడ్డం పెట్టుకున్నా భుజాలు ఆగలేదు. ఇక చర్చంతా గొల్లుమంది.

నవ్వనిది ఓజెల్లా ఒక్కతే. గ్రిమ్స్ గారు టోపీని అటూ ఇటూ తిప్పుకోవడం చూసింది. నగరసభలో అడుగుపెట్టిన మొదటి నల్లవాడు ఆయనే. లోపలికి రానిచ్చినందుకే గొప్ప మర్యాద జరిగిందనుకుని, బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయారు. జాలేసింది. అయినా పోటీ మానలేదు.

కొద్ది ఓట్ల తేడాతో ఓజెల్లా నెగ్గింది. మర్నాడే చెత్తబండి వచ్చింది. ఆ తనిఖీ అధికారే వచ్చి, దువ్వెనలు మంచివేనని తేల్చి తాళం తీశాడు. ఊరంతటికీ రాత్రికి రాత్రే జ్ఞానోదయమైంది.

మొదటి సభలో ఓజెల్లా పాడుబడ్డ అద్దె ఇళ్ల గురించి తీర్మానం పెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళ దాటేదాకా ఏకధాటిగా మాట్లాడింది. ఓటింగులో లేచింది ఆమె చెయ్యొక్కటే.

"ఓడిపోయావటగా?" అంది వెర్నా, దుకాణం కుర్చీలో కూర్చుంటూ.

"ఓడిపోయా. కానీ వాళ్లందరి భోజనాలూ చల్లారిపోయాయి. వచ్చే వారం మళ్లీ పెడతా. తల కాస్త వంచు."