ఖాళీ నావకు బిగించిన ఫ్యాను

మేస్త్రి గారు పోయిన బుధవారం ఉదయం ఉప్పాడలో తన షెడ్డులోనే చనిపోయారు. నీళ్లు నింపిన డ్రమ్ములో పరీక్షకు పెట్టిన ఒక ఇంజను నడుస్తోంది. ఆయన దాని ఎదురుగా పీట మీద కూర్చుని, గోడకు ఆనుకుని ఉన్నారు. పక్కింట్లో ఉన్న నాకు ఇంజను చప్పుడు వినపడుతూనే ఉంది. ఏదో తేడాగా ఉందనిపించింది గానీ ఏమిటో తెలియడానికి కాస్త సమయం పట్టింది. తిట్లు వినపడడం లేదు. నేను వెళ్లేసరికి ఆయన కూతురు అప్పటికే అక్కడ ఉంది.

నావల వెనక తగిలించే పాత ఇంజన్లను బాగుచెయ్యడం, వాటికి సరిపడే ఫ్యాను ఎంచి బిగించడం ఆయన వృత్తి. నీళ్లలో తిరిగి నావను తోసే రెక్కల చక్రాన్ని ఉప్పాడలో ఫ్యాను అనే అంటారు. షెడ్డులో గాలినిచ్చే ఫ్యాను మాత్రం ఉండేది కాదు. "ఇన్ని ఫ్యాన్లు పెట్టుకుని ఆ చెమటలేంటి మేస్త్రీ?" అని ఎవరో ఒకరు అనేవారు. "నువ్వు నోరు మూసుకో, సగం వేడి తగ్గుద్ది" అనేవారాయన.

చనిపోయినవారి గురించి రాసేటప్పుడు వెన్నలాంటి మనసు అని రాయడం పత్రికల్లో అలవాటు. మేస్త్రి గారి విషయంలో అలా రాస్తే ఊళ్లోవాళ్లు నవ్వుతారు. ఆయన మనుషుల్ని వాళ్ల భార్యల ముందు, పిల్లల ముందు తిట్టేవారు. కోపం వచ్చిన రోజున తిట్టేవారు. సంతోషంగా ఉన్న రోజున ఇంకొంచెం తీరిగ్గా తిట్టేవారు. ఆయన మొదటి షెడ్డును సముద్రం కోసుకుపోయినప్పుడు ఓదార్చడానికి వెళ్లినవాళ్లు కూడా తిట్లు తినే వచ్చారు.

ఫ్యాను సంగతి కొంచెం చెప్పాలి. దాని బొడ్డు మీద రెండు అంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు. రెండోది పిచ్, అంటే ఒక చుట్టు తిరిగితే ఫ్యాను ఎంత ముందుకు పోవాలో చెప్పే అంకె. పిచ్ ఎక్కువ ఉంటే ఖాళీ నావ పరుగెడుతుంది. అదే నావలోకి తడిసిన వలలు, మనుషులు, చేపలు ఎక్కితే ఇంజను తిరగలేక మూలుగుతుంది. పిచ్ మరీ తక్కువైతే ఇంజను కేకలు పెడుతుంది గానీ నావ కదలదు. ఉప్పాడకు వచ్చే ఇంజన్లు చాలామటుకు ఎక్కడో వాడి అమ్మేసినవి. కొత్తలో వాటితో వచ్చిన ఫ్యాను, బలం తగ్గాక వాటికి పనికిరాదు. "ముసలోడికి మెట్టు చిన్నది కట్టాలిరా" అనేవారు మేస్త్రి గారు.

ఇంజను కొన్నవాళ్లు మంచిరోజు చూసి నావకు పసుపు రాస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, బంతిపూల దండ వేసి గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. పూజలో నీచు వాసన ఉండకూడదని ఆ రోజు నావలో వల పెట్టరు. ఫ్యానును పరీక్షించేది కూడా ఆ రోజే. అంటే ఎప్పుడూ ఖాళీ నావ మీదే. ఖాళీ నావకు పెద్ద పిచ్ ఫ్యాను వేస్తే చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ఒడ్డున చప్పట్లు కొడతారు.

మేస్త్రి గారు దీన్ని సాగనిచ్చేవారు కాదు. తడిపిన ఇసక బస్తాలు సిద్ధంగా పెట్టుకుని, దండ వేసిన నావలోకి ఒక్కొక్కటీ పడేయించేవారు. అలా ఒక రోజు ఒక నావ యజమాని తల్లి అడ్డం వచ్చింది.

"అందులో ఇసకేంటి మేస్త్రీ! పూజ చేసుకున్న నావ. అశుభం గదా!"

"నీ కొడుకు తేలితే శుభం, మునిగితే అశుభం. తప్పుకో ముసలీ."

తర్వాత కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, సముద్రంలోంచి చేపలు మోసుకొస్తావా, మీ అమ్మకి కబుర్లు మోసుకొస్తావా? ఎక్కించు."

బరువుతో నావ కెరటాలు విరిగే చోటు దాకా వెళ్లింది. మేస్త్రి గారు ఒడ్డున కళ్లు మూసుకుని వింటున్నారు. తిరిగొచ్చాక, "ఇప్పెయ్ ఆ ఫ్యాను" అన్నారు. "పెళ్లిచూపుల్లో కూడా ఇలాగే పైపైన చూసొచ్చుంటావు."

అతని భార్య అక్కడే ఉంది. ఆడవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. చిన్న పిచ్ ఫ్యాను బిగించుకుని వెళ్లి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరంతా తిరిగి మేస్త్రి గారిని తిట్టాడు. మొన్న పాడె మోసినవాళ్లలో అతనొకడు.

నాకూ వంతు వచ్చింది. ఏదో సభలో అధికారులు ఇంజన్లు పంచితే, నావ బాణంలా దూసుకుపోయిందని నేను వార్త రాశాను. మేస్త్రి గారు ఆ ముక్కను షెడ్డులో అందరికీ చదివి వినిపించారు. "ఒరే పేపరూ, ఖాళీ నావని చూసి రాసేశావురా. ఏదన్నా రాసేముందు బరువెక్కించి చూడు." ఆ తర్వాత నాకు పాఠం చెప్పిన సంపాదకులు ఉన్నారు గానీ, ఇంతకంటె పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. భార్య ఎప్పుడో పోయింది. కూతురిదీ తండ్రి నోరే. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ కావడంతో వాళ్ల భోజనాలన్నీ నేను విన్నాను.

"పులుసులో ఉప్పేసేవా, ఉప్పులో పులుసేసేవా?"

"నీ నోట్లో ఏది పడినా అలాగే అవుద్ది నాన్నా. నువ్వే వండుకో."

ఆమెకు అంతర్వేది వైపు సంబంధం కుదిరింది. అల్లుడు నెమ్మదస్తుడు. పెళ్లయ్యాక ఉప్పాడలోనే కాపురం పెట్టి, ఒక నావ, దానికో పాత ఇంజను కొన్నాడు. పూజ ముందురోజు గోడ అవతల కూతురి గొంతు వినపడింది.

"నాన్నా, ఆయన్ని మాత్రం నలుగురిలో ఒక్క మాట అనకు."

"నేనేమంటానే?"

"నువ్వేమంటావో ఊరందరికీ తెలుసు. ఆయన పొరుగూరి మనిషి. ఒరేయ్ అన్నావంటే మళ్లీ మన గుమ్మం తొక్కడు. నా మీద ఒట్టెయ్యి."

"సరే. నీ మీద ఒట్టు."

మర్నాడు ఒడ్డున నేనూ ఉన్నాను. అల్లుడు ఒక పెద్ద పిచ్ ఫ్యాను చూపించాడు. "మావయ్య గారూ, అదండి. మా వైపు అందరూ అదే వేస్తారండి."

మేస్త్రి గారు ఇసక బస్తాల వైపు చూశారు. ఆ తర్వాత కూతురి వైపు చూశారు.

"ఆయ్. తమరి ఇష్టమండి."

"పిచ్ ఏమన్నా ఎక్కువవుద్దేమోనండి?"

"ప్రస్తుతానికి కానివ్వండి. వీలు చూసుకుని ఒకసారి బరువేసి చూద్దారి లెండి."

నావ ఎగిరిపోయినట్టు వెళ్లింది. చప్పట్లు కొట్టారు. "మేస్త్రి నోట్లోంచి 'అండి' ఊడిపడిందిరోయ్!" అని ఎవరో అరిచారు. కూతురు నవ్వింది. తండ్రి మాట నిలబెట్టుకున్నందుకు ఆమె ఎంత సంతోషపడిందో ఆ ముఖం చూస్తే తెలిసేది.

ఆ వీలు కుదరలేదు. వేట బాగుంది, నావకు తీరిక లేదు. "ఒకసారి షెడ్డు దాకా వస్తారాండి?" అని మేస్త్రి గారు అడగడం నేను విన్నాను. "అలాగేనండి మావయ్య గారూ" అని అల్లుడు వెళ్లిపోవడమూ విన్నాను. ఇంకొకరైతే మేస్త్రి గారు నావకు అడ్డంపడి ఫ్యాను పీకేసేవారు.

ఒక మధ్యాహ్నం అల్లుడి నావ నిండా చేపతో తిరిగొస్తోంది. ఆ నావలో పనిచేస్తూ బతికి బయటపడ్డ కళాసీ నాతో చెప్పింది ఇది: "ఒడ్డు కనపడతానే ఉందండి. ఎనకాల కెరటం లేచింది. దానికంటే ముందు పోవాలని మేస్త్రి గారి అల్లుడు ఇంజను పూర్తిగా తిప్పాడండి. అది మూలిగింది గానీ అందుకోలేదు. కెరటం ఇంజను మీంచి ఎక్కేసింది. నావ అడ్డం తిరిగిపోయిందండి." అల్లుడి శవం మర్నాడు ఒడ్డుకొచ్చింది. మా పత్రికలో నాలుగు వాక్యాల వార్త వచ్చింది. ఫ్యాను ప్రసక్తి అందులో లేదు.

నావ ఒడ్డు దగ్గరే పగలడంతో ఇంజను దొరికింది. పెద్దదినం అయ్యాక మేస్త్రి గారు దాన్ని విప్పి, మంచినీళ్లతో కడిగి, కిరసనాయిలు పట్టించి మళ్లీ నడిచేలా చేశారు. అంతే కొలతలున్న నావ ఒకటి అడిగి తెచ్చుకుని, ఆ ఇంజనే, ఆ ఫ్యానే బిగించి, ఇసక బస్తాలు వేయించి, ఊరంతా చూస్తుండగా తనే తీసుకెళ్లారు. కూతురు కూడా వచ్చి ఒడ్డున నిలబడింది. కెరటాలు విరిగే చోట ఇంజను మూలిగింది. అందరికీ వినపడింది. ఆయన తిరిగొచ్చి, చిన్న పిచ్ ఫ్యాను మార్చి, అదే బరువుతో మళ్లీ వెళ్లారు. ఈసారి ఇంజను గొంతు విప్పింది. నావ ముక్కు పైకెత్తి కెరటం దాటింది.

ఇసకలోకి దిగి ఆయన ఒక్క మాట అన్నారు. "ఒక్కడితోనే మర్యాదగా మాట్లాడాను."

కూతురు ఇంటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గోడ అవతల నుంచి వినపడింది.

"అన్నం పెట్టానండి. లేవండి, చల్లారిపోద్ది."

"ఏంటే ఆ అండీ?"

"మర్యాదండి."

ఆ రోజు నుంచి ఆమె ఆయన్ని నాన్నా అనలేదు, నువ్వు అనలేదు. పుట్టింట్లోనే ఉండిపోయింది. పనిముట్లు అందిస్తూ పని నేర్చుకుంది. ఆయనకు వేళకు అన్నం పెట్టింది, జ్వరం వస్తే కూర్చుని కాపలా కాసింది. అన్నీ 'అండి'తోనే. ఊళ్లో కొత్తగా వచ్చినవాళ్లు విని, తండ్రి మీద ఎంత గౌరవమో అనుకునేవారు. ఆమె 'అండి' అన్నప్పుడల్లా అవతల పీట వెనక్కి జరిపిన చప్పుడు వినపడేది.

ఒట్టు వేయించుకున్నది ఆమే. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు, గోడ ఇవతల ఉన్న నాకు తెలుసు. నోటికి ఏది వస్తే అది అనేసే మనిషి గనక ఏదో ఒక రోజున ఆ మాట అనేస్తారని నేను ఎదురుచూశాను. ఊళ్లో అందరినీ మునుపటికంటె ఘోరంగా తిట్టారు. ఆమెను మాత్రం ఏమీ అనలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఒట్టు నువ్వే వేయించుకున్నావు గదా అని ఒక్కసారైనా అనలేదేమండి?"

ఆయన రాపిడిరాయి మీద ఫ్యాను బిగించే పిన్ను అరగదీస్తున్నారు. తల ఎత్తలేదు.

"అది నిండు బరువు మీద ఉందిరా పేపరూ. ఇంకో బస్తా దేనికి?"

తర్వాత, గోడకు చెవులు పెట్టుకుని బతికే వెధవనని నన్ను తిట్టారు.

బుధవారం నేను షెడ్డులోకి వెళ్లేసరికి ఆమె ఆయన భుజం పట్టుకుని కుదుపుతోంది.

"నాన్నా, లెగు. నీళ్లు కాగిపోతన్నాయి. ఇంజను చూసుకోవా? లెగు నాన్నా నువ్వు."

నేను ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. ప్రాణం పోయి చాలాసేపే అయ్యిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆమె మాత్రం పిలుస్తూనే ఉంది, ప్రతి పిలుపులోనూ నువ్వు అంటూనే ఉంది. ఆ మాటకు ఇంజను చప్పుడు అడ్డం వస్తోందనిపించి నేను వెళ్లి దాన్ని ఆపాను.

చప్పుడు ఆగింది. డ్రమ్ములో నీళ్లు మాత్రం అంచులు ఒరుసుకుంటూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.